పాండురంగయ్య చూడని కంచరగాడిద

నేను నాలుగో ఫారం మూడేళ్లు చదివాను. ఒక్కసారి చదివి పాసైనవాళ్లకంటే నాకు మూడింతలు వచ్చి ఉండాలి కదా అని మా హెడ్మాస్టరుతో వాదిస్తే, మిగతా వాదన ఇంటి దగ్గర చేసుకోమని పంపేశాడు. ఆ తరవాత బడి గడప తొక్కలేదు. అంతమాత్రాన బెజవాడలో నన్ను ఎరగనివాళ్లు లేరు. వరదలో గుమ్మడికాయ పట్టుకుని ఆనకట్ట మీదనుంచి దూకి సీతానగరం వైపు తేలినవాణ్ణి నేనే. కొండమీద చిరుతపులికి చుట్ట ముట్టించి ఇచ్చింది నేనే. గవర్నరు స్పెషలు రైలు మన స్టేషన్లో అయిదు నిమిషాలు ఎక్కువ ఆగింది నాతో మాట తెమలకే. ఇవన్నీ మా వీధి అరుగుల మీద నేను చెప్పినవి. విన్నవాళ్లలో ఒక్కరూ నమ్మలేదు, వినకుండా ఒక్కరూ లేచి పోలేదు.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో పులి లేదు, వరద లేదు. ఒక గాడిద ఉంది గానీ అది కూడా లేదనే చెప్పాలి. ఇది పాండురంగయ్య గారి కథ. ఆయన పోయి నెల కావస్తోంది. ఆయన నన్ను అడిగింది రెండు మాటలు. ఏడేళ్లయినా ఆ రెండూ నా నోట సరైన చోట రాలేదు.

నలభైరెండు వేసవి అది. రంగూను మీద జపాను వాళ్లు బాంబులు వేశాక మనవాళ్లు వేలకు వేలు అక్కణ్ణుంచి బయలుదేరారు. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు, దొరకనివాళ్లు కొండలూ అడవులూ పడి నడిచారు. చివరికి కలకత్తా చేరి, రైళ్లలో మన జిల్లాలకు దిగారు. పత్రికలు కాందిశీకులని రాసేవి, మేం బర్మావాళ్లనేవాళ్లం. బెజవాడ స్టేషనుకు దగ్గర్లో ఒక సత్రంలో వాళ్లకు బస. వాలంటీర్లు కావాలన్నారు. దేశసేవ కోసం చేరానని రాసుకుంటే బాగానే ఉంటుంది. కాని చేతికి గుడ్డ బాడ్జీ కట్టారు, పొద్దున్నే ఉప్మా పెట్టారు. ఆ రెండింటికే చేరాను.

మా వాలంటీర్లందరికీ పెద్ద ఖయ్యూమ్ భాయ్. వన్‌టౌనులో నూలు దుకాణం ఆయనది. సగం రోజు దుకాణం, సగం రోజు సత్రం. రైలు వచ్చేసరికి మజ్జిగ కుండలు ప్లాట్‌ఫారం మీద ఉండాలి. దిగినవాళ్ల పేరు, ఇంటిపేరు, సొంతూరు రాసుకోవాలి. ఆ ఊళ్లో తాలూకు వాళ్లెవరైనా ఉంటే కబురు పెట్టాలి. లేకపోతే మగవాళ్లకు పని, పిల్లలకు బడి మేమే చూడాలి. ఖయ్యూమ్ భాయ్‌కి నేనంటే ముద్దు. ఏరా కోతలరాయుడా అని పిలిచేవాడు. నీ నోటికి చక్రాలు కడితే బందరు దాకా బొగ్గు లేకుండా పోవచ్చురా అనేవాడు. ఆ పిలుపు గుర్తుంచుకోండి, తరవాత దానితో పని ఉంది.

ఏప్రిల్ ఆఖర్లో ఒక రైల్లో పాండురంగయ్య గారు దిగారు. నలభై అయిదేళ్ల మనిషి, చూస్తే అరవై. వీపున కట్టుకున్న గోనెసంచిలోంచి ఒక వెదురు పన్నె బయటికి కనిపిస్తోంది. మగ్గం మీద దారాలన్నీ విడివిడిగా నిలబెట్టే దువ్వెనలాంటిది. పక్కన తొమ్మిదేళ్ల కూతురు, జ్వరం పడి లేచి పుల్లలా ఉంది. పేరడిగితే బాలత్రిపురసుందరి అని ఆయనే చెప్పారు. మనిషి కంటే పేరే బరువుగా ఉందే అని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వి, వాళ్లమ్మ పెట్టిన పేరు బాబూ అన్నారు. వాళ్లమ్మ ఏదని చుట్టూ చూశాను. కొండ దిగాక సముద్రపు ఒడ్డున పడవకోసం కాచుకున్న చోట కలరా వచ్చి పోయిందట. నవ్విన నోరు ఎలా మూసుకోవాలో తెలియక మజ్జిగ పోశాను.

ఆయనది బందరు వైపు పల్లె. పద్దెనిమిదేళ్లకు తండ్రి పోతే మగ్గం అమ్మేసి, కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లారు. పగలు బియ్యం మిల్లులో మూటలు మోసి, సాయంత్రాలు గళ్ల లుంగీలు నేసేవారు. ఇరవై ఏడేళ్లు అలా గడిచాయి. మధ్యలో ఒకసారి వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లారంతే. బాంబులు పడ్డ రోజున జనం బిందెలూ పెట్టెలూ మోసుకుంటుంటే ఈయన పన్నె, అడ్డదారం విసిరే నాడె తీసుకున్నారు. ఎక్కడికి పోయినా మగ్గానికి గుంట తవ్వుకోవచ్చు, కర్రలు పాతుకోవచ్చు, మంచి పన్నె మాత్రం చేయించుకోవాలంటే ఏడాది పడుతుంది బాబూ అని చెప్పారు. ఆ పన్నెతో మూడు నెలలు నడిచారు.

సుందరికి మాత్రం ఇది పరాయి దేశం. రంగూనులో పుట్టింది, బర్మా బళ్లో చదివింది. ఇక్కడివాళ్లు తెలుగును ఎందుకింత గట్టిగా మాట్లాడతారని నన్నడిగింది. జూన్‌లో బళ్లు తెరిచేసరికి దానికి అక్షరాలు నేర్పే పని ఖయ్యూమ్ భాయ్ నాకు అప్పగించాడు. ఊళ్లో ఇంకెవరూ లేరా అని అందరూ నవ్వారు. పలక మీద నేను అ ఆలు రాస్తే అది పక్కన బర్మా అక్షరాలు రాసేది. అవీ గుండ్రంగానే ఉంటాయి, మన అక్షరాలకు పెదతల్లి పిల్లల్లాగ. ఇరవై రోజుల్లో చదవడం పట్టేసింది. నన్ను బాబాయ్ అని పిలిచేది. నాకు ఎనిమిదేళ్లు పట్టిన చదువు దానికి ఇరవై రోజులు పట్టిందంటే గురువు గొప్పవాడని ఊరంతా చెప్పుకున్నాను.

సత్రంలో నలభై కుటుంబాలు. తిండి పిడికెడు బియ్యం మీద నడిచేది. పొద్దున్నే బండి కట్టుకుని వీధివీధికీ వెళ్లి, బండిమీద నిలబడి వీళ్ల కష్టం చెబితే, ఆడవాళ్లు చేటలతో తెచ్చి గోనెల్లో పోసేవారు. చెప్పే పని ఎవరిదో మీకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి వారం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోనెలు నిండాయి. రెండో వారానికి జనం కళ్లు తుడుచుకోవడం మానేశారు. మళ్లీ బర్మా బండి వచ్చిందే అని తలుపు దగ్గరకు లాగేసుకున్నారు. అప్పుడు నేను అడవిలోకి పులిని వదిలాను. నాలుగు రోజులు బాగానే గిట్టింది. తరవాత ఏటి నిండా మొసళ్లను వదిలాను. మూడోది, మే నెల ఆఖర్లో, కాలవగట్టున ఒక వీధిలో. ఆ రోజు ఎండ మండిపోతోంది, గోనె అడుగు కూడా నిండలేదు. గోనె మూతి పట్టుకుని బండి పక్కన పాండురంగయ్య గారు నిలబడ్డారు. ఆయన వైపు చెయ్యి చూపించి అందుకున్నాను.

ఈయనే, ఈ పెద్దమనిషే, పదమూడు రోజులు మెతుకు లేక అడవిలో పడి ఉంటే, దారిలో చచ్చిన పటాలం కంచరగాడిద ఒకటి కనబడిందన్నాను. మగ్గం మీద బతికిన చేతులు, నిష్ఠగా బతికిన నోరు, అయినా ప్రాణం తీపి కదా తల్లులారా అన్నాను. నమ్మకం కుదరాలని దాని ఎడమ చెవి తెగి ఉందని కూడా చెప్పాను. ఆ చెవి దగ్గర ఒక ముసలమ్మ ఏడ్చేసింది. చేటలు కదిలాయి. నాలుగు గోనెలు నిండి, అయిదోది అరువడిగాం.

తిరిగి వస్తుంటే ఎలా ఉందండీ అని ఆయన్నే అడిగాను, మెప్పుకోసం. ఆయన చాలాసేపు బండి చక్రం వైపు చూస్తూ నడిచారు.

"మా దారిలో కంచరగాడిదలు లేవు బాబూ," అన్నారు. "ఎడ్లబళ్లు తప్ప నేను చూడలేదు."

"మీరు చూడకపోతే ఏమండీ, ఆ వీధంతా చూసింది కదా," అన్నాను నేను. బండిమీద ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదు, కాని వీధిలో అందరిముందూ కాదనలేదు కూడా. ఆ రాత్రి నలభై కుటుంబాలు కడుపునిండా తిన్నాయి. ఆయన ఎందుకు కాదనలేదో అప్పుడు నాకు తట్టలేదు. సత్రంలో పిల్లల ముందు ఆ కథ మళ్లీ చెప్పాను, చెవితో సహా. సుందరి కూడా అక్కడే కూచుని వింది.

అసలు ఆయనకు అప్పటికే దారి కుదిరింది. పటమట దాటాక ఒక సాలెల వీధి ఉంది. ఆ వీధికి పెద్ద హనుమయ్య గారు. ఇంటిపేరు కలిసింది, ఏ నాటిదో చుట్టరికం తేలింది. మా చావిట్లో ఒక మగ్గం గుంట ఖాళీగా ఉంది, వచ్చి కూచో తమ్ముడూ అన్నాడాయన. ఖయ్యూమ్ భాయ్ యుద్ధంలో దొరకని నూలు ఎక్కడో సంపాదించి ఒక పడుగుకు సరిపడా ఇచ్చాడు. పాండురంగయ్య గారు ఆ నూలుని పగలంతా ఒళ్లో పెట్టుకుని కూచునేవారు. మగ్గం ఎక్కితే సత్రం తిండి మానేయొచ్చు. వీధిలో ఇల్లిస్తే పిల్లని బళ్లో వేసేటప్పుడు ఊరేదని అడిగితే చెప్పొచ్చు. ఆయనకు కావలసింది అంతే.

ఆ వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. నేసేముందు పడుగు దారాలన్నీ వీధి పొడుగునా వెదురు కర్రల మీద సాచి, పలచటి గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరేలోపు దువ్వాలి, ఎండ ముదిరేలోపు అవ్వాలి. లేకపోతే దారాలు ఒకదానికొకటి అతుక్కుని ఇక విడిపోవు. ఇది ఒక్కడు చేసే పని కాదు. ఎవరి పడుగు వేసినా ఇంటికొకరు బయటికొచ్చి చెయ్యేస్తారు. పిలవడం లేదు, కూలి లేదు. కనుక ఆ వీధిలో ఒకణ్ణి వెలివేయాలంటే ఎవరూ నోరు విప్పక్కర్లేదు. ఆ పొద్దున ఎవరూ అరుగు దిగకపోతే చాలు.

నా కంచరగాడిద నడుచుకుంటూ ఆ వీధికే పోయింది. ఆ కాలవగట్టు వీధికి గుడ్డలమ్మడానికొచ్చిన హనుమయ్య గారి కోడలు విని, ఇంటికెళ్లి చెప్పింది. మర్నాడే హనుమయ్య గారు సత్రానికి వచ్చారు. కోపం లేదు, అరుపు లేదు. తమ్ముడూ, నువ్వు తినలేదంటే నేను నమ్ముతాను, నీ చేత ప్రమాణం చేయించను, కాని వీధి నా ఒక్కడిది కాదు అన్నారు. చెప్పిన మనిషి వచ్చి, పడుగు సాచిన పొద్దున, అందరిముందూ అది అబద్ధమని చెప్పాలి. చెబితే మొదటి కుంచె నేనే పడతాను. అదీ ఆయన మాట.

పాండురంగయ్య గారు నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నాకంటే పాతికేళ్లు పెద్దవాడు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ మాత్రానికేనా అండీ, రేపు చూడండి, ఆ వీధి చేత మిమ్మల్ని పల్లకీ ఎక్కించకపోతే నా పేరు ఏడుకొండలు కాదు అన్నాను.

"పల్లకీ వద్దు బాబూ. ఏమీ కలపొద్దు. అబద్ధం చెప్పాను, అనండి చాలు. రెండే మాటలు."

రోహిణి కార్తె. తెల్లవారుతూనే వెళ్లాం. అప్పటికే వేడిగాలి మొదలైంది. పడుగు ఆ చివరి నుంచి ఈ చివరికి సాచి ఉంది, తెల్లగా, ఎవరో వీధి మధ్య పాపిడి తీసినట్టు. ఖయ్యూమ్ భాయ్ ఒక పక్క నిలబడ్డాడు, తన నూలు అది. రెండువైపులా అరుగుల మీద జనం, చేతుల్లో కుంచెలు. కాలవగట్టు వీధి నుంచి కూడా కొందరు ఆడవాళ్లు వచ్చారు, ఆ ఏడ్చిన ముసలమ్మతో సహా. సుందరి కొత్త పరికిణీ కట్టుకుని గంజికుండ రెండు చేతులతో పట్టుకుని తండ్రి పక్కన నిలబడింది. ఆ గంజి తనే కాచిందట, నాకు చెప్పింది. ఉండలు లేవు బాబాయ్, చూడు అంది.

హనుమయ్య గారు కుంచె చేత్తో పట్టుకుని, వాలంటీరు గారు ఒక మాట చెబుతారు అన్నారు.

నేను ముందుకొచ్చాను. బాడ్జీ సర్దుకున్నాను. అబద్ధం, అన్నాను. ఒక మాట అయింది. ఇంకొక్క మాటే. ఇంతలో ముసలమ్మ కళ్లు కనిపించాయి. చేటెడు బియ్యం పోసిన మనిషి, నా తెగిన చెవికి ఏడ్చిన మనిషి. ఆవిడ వెనక ఇంకా ఇరవై జతల కళ్లు. అబద్ధం చెప్పానంటే వీళ్లందరూ ఇక్కడే, ఇప్పుడే, నన్ను చూసి నవ్వుతారు. నన్ను చూసి జనం నవ్వడం నాకు అలవాటే, కాని అది నేను నవ్వించినప్పుడు. పైగా నోటికి ఒక అలవాటుంది. ఇరుకులో పడితే అది వెనక్కి రాదు, ముందుకే దూకుతుంది.

"అబద్ధం... కాదు గాని, మీరు విన్నది సగం," అన్నాను.

పాండురంగయ్య గారు తలెత్తి నావైపు చూశారు. నేను చూడనట్టు నటించాను. కథ అప్పటికే కదిలిపోయింది. ఈ మహానుభావుడు దాన్ని ముట్టలేదండీ అన్నాను. పదమూడు రోజులూ ఆకులలమే తిన్నాడు. కాని పిల్ల జ్వరంతో ప్రాణం మీదికొచ్చి నాన్నా ఆకలి అంటుంటే, తండ్రి గుండె, ఒక్క గరిటెడు రసం దాని నోట్లో పోశాడు, తను మాత్రం నోరు కట్టుకున్నాడు, ఇంతకంటే నిష్ఠ ఇంకేముంది చెప్పండి అన్నాను. బాగా కుదిరిందనే అనుకున్నాను. మా అమ్మ తోడు, నా మాటలో పొల్లు లేదు అని ఛాతీమీద చెయ్యి కూడా వేసుకున్నాను.

ఎవరూ ఏడవలేదు. నవ్వలేదు. నేను చెప్పిన కథకు ఏ చప్పుడూ రాకపోవడం నా జన్మలో అదే మొదలు.

హనుమయ్య గారు కుంచె అరుగుమీద పెట్టేశారు. మెల్లగా సుందరి దగ్గరికి వెళ్లి వంగి, చాలా ప్రేమగా చెప్పారు.

"ఆ కుండ కింద పెట్టెయ్ తల్లీ."

అది తండ్రి మొహం చూసింది. తరవాత నా మొహం చూసింది. ఎక్కడ పెట్టాలో తెలియక కొంచెం అటూ ఇటూ తిరిగి, చివరికి వీధి మట్టిలో పెట్టింది. అప్పటి నుంచి ఏ బరువు దించుతున్నా నాకు అది అటూ ఇటూ తిరగడమే గుర్తొస్తుంది.

ఒక్కొక్కరే అరుగులెక్కి లోపలికి వెళ్లారు. తిట్టలేదు, తలుపులు కూడా గట్టిగా వేయలేదు. పాండురంగయ్య గారు కుండ ఎత్తుకుని, ఆ చివర మొదలుపెట్టి తనే గంజి పట్టిస్తూ దువ్వుకుంటూ వచ్చారు. ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర ఆరిపోయింది. మళ్లీ ఆ చివరికి పరుగెత్తారు. ఖయ్యూమ్ భాయ్ చెప్పులు విడిచి ఒక కుంచె పట్టాడు, కాని నూలు అమ్మే చేతికి దువ్వడం ఏం తెలుస్తుంది. నేనూ ఒకటి పట్టుకుని రెండు లాగులు లాగాను. పుట్‌పుట్‌మని దారాలు తెగాయి. పాండురంగయ్య గారు వచ్చి నా చేతిలో కుంచె తీసుకున్నారు.

"వద్దు బాబూ. తెగుతుంది."

అదే ఆయన నాతో అన్న ఆఖరు మాట. ఎండ వీధిలోకి వచ్చేసరికి పడుగంతా చాపలా బిగిసిపోయింది. ఆయన దాన్ని పారేయలేదు. చుట్టచుట్టి భుజాన వేసుకుని సత్రానికి నడిచారు.

నాలుగు రోజుల తరవాత తండ్రినీ కూతుర్నీ ఖయ్యూమ్ భాయ్ బందరు తీసుకెళ్లాడు. అక్కడ ఆయన బావమరిది అబ్దుల్ రవూఫ్ గారికి గుడ్డల అద్దకం ఉంది. పాండురంగయ్య గారికి అందులో పని, అద్దిన గుడ్డలు కాలవలో జాడించి ఇసకమీద ఆరేయడం. రవూఫ్ గారి భార్య ఆమినాబీ గారు దగ్గరుండి పిల్లని బళ్లో చేర్పించింది. రైలు కదిలేముందు ఖయ్యూమ్ భాయ్ కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"ఏడుకొండలు గారూ, సత్రం తాళం చెవులు మీ దగ్గరున్నాయి. ఇచ్చేసి వెళ్లండి," అన్నాడు.

గారూ అన్నాడు, మీరు అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఆయన నన్ను ఏరా అనలేదు. దుకాణం ముందునుంచి వెళితే రండి, కూచోండి అంటాడు. ఒక్కసారి పట్టుకుని తన్నినా బాగుండేది.

ఆరు నెలలకు ఉండబట్టలేక ఒక్కణ్ణే ఆ సాలెల వీధికి వెళ్లాను. హనుమయ్య గారి అరుగుముందు నిలబడి, మొదటిదీ అబద్ధమే, రెండోదీ అబద్ధమే, గాడిదే లేదు అని చెప్పేశాను. నలుగురు చేరారు. హనుమయ్య గారు ఓపిగ్గా విన్నారు. జాలిపడి వచ్చావు, నీ మనసు మంచిదే నాయనా అన్నారు. కాని ఆ రోజు అమ్మమీద ఒట్టేసి చెప్పావు కదా, ఇప్పుడు దేనిమీద వేస్తావు అని అడిగారు. వెనక ఎవరో, ఈసారి గాడిద కాదట, గుమ్మడికాయట అన్నారు. అందరూ నవ్వారు. నేను భయపడిన నవ్వు ఆ రోజు పూర్తిగా విన్నాను. అది చంపదు. అంతకుముందే విని ఉంటే ఒక మనిషి మగ్గం ఎక్కేవాడు.

కిందటేడు నైజాం వైపునుంచి జనం మూటలతో సరిహద్దు దాటి వచ్చినప్పుడు బెజవాడలో మళ్లీ శిబిరాలు పెట్టారు. బండెక్కి మాట్లాడటానికి నీకంటే ఎవరున్నారని నాకు కబురు. గొంతు పోయిందని చెప్పి నీళ్లు మోశాను. పేర్లు రాయమంటే రాశాను, వాళ్లు చెప్పినంతే. ఒకాయన తన మేకల గురించి చెబుతుంటే ఎన్ని అని మూడుసార్లు అడిగి రాశాను.

కిందటి నెలలో ఖయ్యూమ్ భాయ్ కబురు పంపాడు, పాండురంగయ్య గారు పోయారు, దినం ఫలానా రోజు, తమరు వస్తే బాగుంటుందని. బందరు రైలెక్కాను. రవూఫ్ గారి షెడ్డు పక్కన ఒక తాటాకు గది. గోడకు పన్నె వేలాడుతోంది. దాని పళ్లమధ్య ఇన్నేళ్ల దుమ్ము కూడా లేదు, రోజూ తుడిచేవారట. మగ్గం మాత్రం మళ్లీ ఎక్కలేదు. అక్కడి పనివాళ్లకు నా పేరు తెలుసు. బెజవాడ ఏడుకొండలు గారంటే మీరేనా, మీ నోటిమాటతోనే సత్రంలో నలభై కుటుంబాలు బతికాయని పాండురంగయ్య ఎప్పుడూ చెప్పేవాడండీ అని నాకు నమస్కారం పెట్టారు. బండి పక్కన ఆయన ఎందుకు కాదనలేదో అప్పుడు తెలిసింది. కాదంటే ఆ రోజు గోనెలు నిండేవి కావు. నేను ఆ నమస్కారాలు తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉండాలో తెలియలేదు.

సుందరికి పదహారేళ్లు. స్కూల్ ఫైనల్ పాసైంది. టీచరు ట్రైనింగుకు వెళుతుందట. వచ్చినవాళ్లంతా భోజనాల దగ్గర ఉండగా నాకు మంచినీళ్లు తెచ్చి ఎదురుగా కూచుంది.

"బాబాయ్, నేను తిన్నానా?" అంది.

నాకు అర్థం కాలేదన్నట్టు చూశాను. అర్థమైంది.

"అప్పుడు నాకు జ్వరం. దారి సగం గుర్తులేదు. నాన్నని ఎన్నిసార్లు అడిగినా లేదమ్మా అనేవాడు. కన్నతండ్రి కదా, అలాగే అంటాడు. మీకేం పని, అమ్మమీద ఒట్టేసి చెప్పడానికి? నిజమైతేనే అంటారు కదా. అదీగాక, నాకు దాని మొహం కలలోకి వస్తుంది. ఎడమ చెవి తెగి ఉంటుంది."

ఏడేళ్లు. ఆ పిల్ల ఏడేళ్లుగా నా గాడిదని చూస్తోంది.

చెప్పాను. గోనె నిండలేదని ఆ కాలవగట్టున ఆ చెవి కోసింది నేనేనమ్మా అన్నాను. నువ్వు తినలేదు, మీ నాన్న తినలేదు, మీ దారిలో ఎడ్లబళ్లే తప్ప కంచరగాడిద లేదు, ఆ మాట మీ నాన్నే నాతో అన్నారు అన్నాను. గ్లాసులో నీళ్లు ఒలికిపోయేదాకా చెప్పాను. అది వింటూ నా మొహం అంతా వెతికింది. పలక మీద తప్పు ఎక్కడుందో చూసుకునే పిల్ల చూపు అది. నాకు ఆ చూపు తెలుసు, నేర్పినవాణ్ణి నేనే.

"నాన్న పోయాడని ఇలా చెబుతున్నారా?" అంది.

"లేదమ్మా. మా అమ్మ..." అనబోయాను.

"ఒట్టు వద్దు బాబాయ్," అంది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

రైల్లో తిరిగివస్తూ ఆలోచించాను. నా నోటిని అది ఎప్పటికీ నమ్మదు, నమ్మకూడదు కూడా. చదవడం మాత్రం దానికి వచ్చు. అక్షరాలైతే చేతులాడించవు, ఛాతీ కొట్టుకోవు. అందుకని ఇది అచ్చుకు ఇస్తున్నాను. బందరులో ఎవరైనా దీన్ని ఆ పిల్లకు చేరేస్తే మేలు. పైన గుమ్మడికాయా చిరుతపులీ ఎవరు నమ్మినా నమ్మకపోయినా నాకు పట్టింపు లేదు. సుందరీ, నువ్వు ఇది ఒక్కటీ చదివితే చాలు. మీ నాన్న నన్ను అడిగిన రెండు మాటలూ ఇవే, ఇంకేమీ కలపడం లేదు.

అబద్ధం చెప్పాను.